తలుపు మూసి ఉంచవలెను

ఝాన్సీ దగ్గర ఇప్పుడు రెండు తాళంచెవులు ఉన్నాయి. ఒకటి మా ఇద్దరి గదిది, రెండోది వరండా చివర ఎవరూ లేక ఖాళీగా పడి ఉన్న మూల గదిది. ఒక్క పిల్ల దగ్గర రాత్రిపూట రెండు తాళంచెవులు ఉండకూడదని మా హాస్టల్లో రూలు కాబట్టి, ఏడింటికి హాజరు తీసుకోవడానికి వార్డెన్ ప్రేమలత మేడమ్ పైకి వచ్చేసరికి ఝాన్సీ ఏదో ఒకటి ఆమె చేతిలో పెట్టాలి. మూల గదిది పెడితే నాతో ఉంటుంది. మాది పెడితే ఏముంది, రేపటినుంచి ఈ గదిలో రెండు మంచాలు, రెండు బల్లలు, రెండు బీరువాలు, ఒక మనీషా. కొంపేమీ మునగదు. మునగదు మునగదు అని మధ్యాహ్నం నుంచి జపం చేస్తున్నాను, నిజంగా మునగనిదాని గురించి ఎవరూ ఇంతసేపు జపం చెయ్యరని నాకూ తెలుసు. పొద్దున తను పుస్తకాలు చంకలో పెట్టుకుని, నీళ్ల సీసా పట్టుకుని, చాలా మర్యాదగా చెప్పింది. తనది తణుకు, అక్కడివాళ్లు పోట్లాట కూడా పెళ్లి పిలుపులాగే పెట్టుకుంటారు కాబోలు. "చూడు మనీషా, నాకు నీ మీద కోపమేం లేదు. కానీ సోమవారం పరీక్ష. ఇవాళ్టికి ఆ మూల గదిలో కూర్చుని చదువుకుంటాను, మేడమ్‌ని అడిగాను. సాయంత్రం నువ్వు మళ్లీ తలుపు తీశావనుకో, నేనింక అక్కడే ఉండిపోతాను. తియ్యకపోతే వచ్చేస్తాను." నేను, "సరే, ఇగ తియ్యనే తియ్య," అన్నాను. "ఒట్టు?" అంది. "ఒట్టు," అన్నాను. ఒట్టు ఇంత సులువుగా వేసేశానేమిటని అప్పుడే అనుమానం వచ్చింది, ఎండ ఇంకా కిటికీ దగ్గరే ఉంది, సాయంత్రం చాలా దూరంగా కనిపించింది, అందుకే వేశాను.

ఆ తలుపు ఎదురుగానే ఉంది. దానికి వెనకవైపు కాగితం అంటించారు: ఏ.సి. పనిచేయు సమయమునందు తలుపు మూసి ఉంచవలెను. ఉంచవలెను అనే మాట ఆ కాగితం తప్ప నాతో ఇంతవరకు ఎవరూ అనలేదు. మా బాపు కోపంగా ఉన్నప్పుడు కూడా అనలేదు. తలుపు చౌకట్టు పైన, అన్ని గదులకూ ఉన్నట్టే, తెల్లటి చిన్న డబ్బా ఒకటి ఉంది, తలుపు తీసి కాసేపు అలాగే వదిలేస్తే అది టిక్కుమంటుంది, ఆ టిక్కుతో మా ఒక్క గది కాదు, వరుస మొత్తం ఏసీలు ఆగిపోతాయి. ఒకతె అల్లరి చేస్తే క్లాసు మొత్తాన్ని ఎండలో నిలబెట్టే డ్రిల్లు మాస్టారి పద్ధతి. మళ్లీ ప్రేమలత మేడమ్ కిందినుంచి తాళాల గుత్తి తెచ్చి, వరండా గోడకున్న ఇనప పెట్టె తెరిచి, మీట పైకెత్తితేనే చల్లగాలి. ఏసీలు పెట్టినప్పుడు ఫ్యాన్లు ఊడదీసి పట్టుకుపోయారు, ఇంకెందుకని. కిటికీలకు లావుపాటి అద్దాలు బిగించేశారు, విమానాల మోత పిల్లల చదువుకు అడ్డమని. ఆ అద్దాల్లోంచి ఇప్పుడొక విమానం దిగుతోంది. కడుపు కింద చక్రాలు బయటపెట్టుకుని, దీపాలు వేసుకుని, చప్పుడు లేకుండా. ఇంత పెద్ద వస్తువు నెత్తిమీంచి పోతుంటే చప్పుడు లేకపోవడం నాకు ఇప్పటికీ అలవాటు కాలేదు. చిన్నప్పుడు మా ఊరిమీదుగా పోయేటప్పుడు మాట్లాడేవాళ్లు మాట మధ్యలో ఆపి, అది పోయాక అక్కడినుంచే అందుకునేవాళ్లు, ఎవరూ ఏం చెబుతున్నారో మరిచిపోయేవాళ్లు కాదు. ఇక్కడ ఆపనక్కర్లేదు, ఎందుకంటే మాట్లాడేవాళ్లు లేరు. ఏసీ మాత్రం గుర్రుమంటోంది. చల్లగా ఉంది, ఒప్పుకోవాలి, ఏప్రిల్లో ఇంత చల్లదనం మా వంశంలో ఎవరూ ఎరగరు, చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకుంటున్నాయి, దుప్పటి కప్పుకుని కూర్చున్నాను, బయట మామిడికాయలు ఎండలో పగులుతున్నాయి, నేను దుప్పట్లో.

ఆకాశం రంగు మారుతోంది. ఇదిగో ఈ రంగు చూసేసరికే నాకు చేతులు దురదపెడతాయి. "తలుపు తెరువు బిడ్డా, దీపాలు పెట్టే యాళ్ల అయింది," అనేది నాయనమ్మ. రుక్కమ్మ ఆమె పేరు, బాపుకి అమ్మ, నన్ను పెంచింది ఆమే, అమ్మ పొద్దున విమానాశ్రయంలో ఊడ్చే పనికిపోతే మళ్లీ చీకటిపడ్డాకే వచ్చేది. మా తలుపు రెండు రెక్కలది, ఒక రెక్క వంగిపోయి నేలకు గీసుకుంటూ ఉండేది, దాన్ని ఎత్తి తొయ్యాలి, అది నా పని. నాయనమ్మ వాకిట్లో నీళ్లు చల్లి, దీపం పెట్టి, కొంగు నిండా కప్పుకుని లోపల కూర్చునేది. ఆ వేళకు తలుపు మూసి ఉంటే లక్ష్మి వచ్చి చూసి వెళ్లిపోతుందట. లక్ష్మి వచ్చిందో లేదో నాకు తెలియదు, వచ్చిన దాఖలాలైతే మా ఇంట్లో పెద్దగా లేవు. పక్కింటి పోచమ్మ మాత్రం రోజూ వచ్చేది. ఇంత చింతపండు పెట్టు అక్కా అని వచ్చి, చింతపండు మరిచిపోయి, కోడలి ముచ్చట చెప్పి, మళ్లీ చింతపండు కోసమని మర్నాడు వచ్చేది. ముత్తయ్య తాత మోకాలి నొప్పి పట్టుకొచ్చేవాడు. ఎవరిదో దూడ తల లోపలికి పెట్టి చూసేది, వానాకాలంలో కప్పలు వచ్చేవి, దారినపోయేవాళ్లు ఆగి "ఏం కూర?" అని అడిగేవాళ్లు, ఏ కూరైతే వాళ్లకేమిటి, అయినా నాయనమ్మ చెప్పేది, వాళ్లు "మంచిగనే ఉంది" అని వెళ్లేవాళ్లు. తలుపు తెరవడం అంటే నాకు అదే తెలుసు, పూజ అని ఎప్పుడూ తోచలేదు, దీపం చూసి మనుషులు వస్తారు, అంతే.

ఆ తలుపుకు తాళం లేదు. లేదంటే పోగొట్టుకున్నామని కాదు, ఎప్పుడూ లేదు. గొళ్లెం ఉండేది. పొలానికి పోయినా పెళ్లికి పోయినా గొళ్లెం పెట్టి, అందులో ఓ పుల్ల గుచ్చి పోయేవాళ్లం, పుల్ల ఉంటే ఇంట్లో ఎవరూ లేరని ఊరికంతా తెలుసు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఇంకో రోడ్డు వెయ్యడానికి మా వరుస ఇళ్లన్నీ తీసుకున్నప్పుడు ఫలానా రోజు సాయంత్రంలోగా తాళాలు అప్పజెప్పాలన్నారు. బాపు పరేషాన్ అయ్యాడు. "మా తలుపుకు తాళమే లేకపాయె, ఏం అప్పజెప్పాలె?" అని సర్కారు నుంచి వచ్చినాయనను అడిగితే, ఆయన "తాళం లేకుంటే ఎట్లన్నా, రాసుకునేకాడ చూపించాలె" అన్నాడు. బాపు శంషాబాద్ పోయి కొత్త తాళం కొనుక్కొచ్చాడు. మెరిసిపోతోంది. ఆ తలుపుకు పుట్టి బుద్ధెరిగాక మొట్టమొదటి తాళం. సామాను ట్రాలీ బండికి ఎక్కించాక బాపు దాన్ని గొళ్లానికి వేసి, తాళంచెవి తీసి, ఓసారి లాగి చూశాడు, గట్టిగా పడిందా లేదా అని. మర్నాడు కూలగొట్టే ఇంటికి. నాయనమ్మ బండిలో పరుపుల మీద కూర్చుని, "గిప్పుడెవలు దొంగతనం జేస్తర్రా జగదీశా," అని బాపును చూసి నవ్వింది. నేనూ నవ్వాను. అమ్మ శోభ ఒక్కతే నవ్వలేదు, అమ్మకు కొన్ని సంగతులు మాకంటే ముందే అర్థమవుతాయి.

తుక్కుగూడలో మూడో అంతస్తు దొరికింది. ఆ తలుపు దానంతటదే మూసుకుంటుంది, పైన స్ప్రింగు ఉంది. సాయంత్రం అయ్యేసరికి నాయనమ్మ తీస్తుంది, అది మూసుకుంటుంది, తీస్తుంది, మూసుకుంటుంది, దానికీ ఆమెకీ ఓ వారం పోరు నడిచింది. చివరికి మసాలా నూరే రాతి పొత్రం తెచ్చి అడ్డం పెట్టి గెలిచింది. గెలిచి, స్టూలు వేసుకుని కూర్చునేది. లిఫ్టు తెరుచుకునేది, ఎవరో దిగేవాళ్లు, తమ తలుపు దగ్గరికిపోయి తమ తాళం తీసుకునేవాళ్లు, టక్కున మూసుకునేవాళ్లు. అన్నం పొట్లాలు తెచ్చే పిల్లగాళ్లు మాత్రం ఆమె ముందు ఆగి, ఫ్లాటు నంబరు అడిగేవాళ్లు, ఆమె వాళ్లను పేరూ ఊరూ అడిగేది, వాళ్లకు టైమయిపోయేది. ఎదురింటామె ఒకరోజు జాలిగా, "ఎవరైనా రావాలా అమ్మమ్మా?" అంది. నాయనమ్మకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. "ఎవలన్న రావాలె," అంది. ఆమె అడిగింది ఒకటి, ఈమె చెప్పింది మరొకటి, ఇద్దరూ తలలూపుకున్నారు. మొన్న చలికాలంలో నాయనమ్మ పోయింది. దవాఖానలో మూడు రోజులుంది, అక్కడా తలుపు తెరవమని నర్సులను సతాయించింది, చల్లగాలి పోతుంది అమ్మా అని వాళ్లు. ఇప్పుడు బాపు హాల్లో ఏసీ పెట్టించాడు, రోజంతా ఎండలో కారు తోలి వస్తాడు పాపం, నేను తప్పు పట్టను. నా మంచం ఉన్నచోట గాలి సరిగ్గా పడుతుందని అక్కడ సోఫా వేసుకున్నాడు. స్ప్రింగు మళ్లీ గెలిచింది. నేను ఇంటికిపోయిన ఆదివారం పొత్రం కోసం వెతికాను, బాల్కనీలో పూలకుండీ కింద ఉంది.  సాయంత్రం బస్సుకే వచ్చేశాను, ఇల్లు ఇంత దగ్గర పెట్టుకుని ఆదివారం కూడా ఉండవేంటి అని ఝాన్సీ అడిగితే, ల్యాబ్ రికార్డు ఉంది అన్నాను. ఆ రికార్డు ఇంకా రాయనేలేదు.

కాళ్లు తిమ్మిరెక్కాయి. లేచి నిలబడ్డాను. తలుపు దగ్గరికిపోయి చెవి పెట్టాను, ఏమీ లేదు. ఇంతమంది పిల్లలం ఉన్న వరండాలో ఏమీ లేదు. అన్ని తలుపులూ మూసి ఉంటాయి, ఒక్కో గదిలో ఇద్దరిద్దరు, దుప్పట్లు కప్పుకుని, చెవుల్లో ఏవో పెట్టుకుని. మొన్న చలికాలం ఇలా లేదు. అప్పుడు వేడినీళ్లు కింద వంటింటి పక్కన ఒక్కచోటే, అదీ తెల్లవారాక కాసేపే, బకెట్లు వరుస పెట్టి అందరం నిలబడేవాళ్లం. వణుకుతూ, పళ్లు తోముకుంటూ, ఎవరి బకెట్ ఎవరు ముందుకు జరిపారని కొట్లాడుకుంటూ. గదుల్లో నీళ్లు కాచుకునే రాడ్లు పెట్టకూడదని రూలు, అయినా ఎదురుగదిలో తారాబాయి ఒకటి దాచింది, ప్రేమలత మేడమ్ వస్తోందంటే బకెట్‌తో సహా మంచం కిందికి తోసేది, మంచం కిందినుంచి ఆవిరి వచ్చేది, మేడమ్ "ఏందే తారా, మంచం కింద ఇంజను పెట్టినవా?" అనేది. ఆ వరుసలోనే ఝాన్సీ నాకు దగ్గరైంది. బకెట్ మోయడం రాదు ఆ పిల్లకు, నీళ్లన్నీ మెట్ల మీద పోసేది, నేను ఒక చెయ్యి వేసేదాన్ని. నాయనమ్మ కర్మలన్నీ అయ్యి తిరిగి వచ్చిన పొద్దున, నేను తలుపు తోసుకుని లోపలికి వచ్చేసరికి స్నానాలగది ముందు బకెట్ నిండా వేడినీళ్లు ఉన్నాయి. రెండు బకెట్లతో వరుసలో నిలబడి, రెండూ తనే మోసుకొచ్చింది, మోయడం రాని మనిషి. "పోసుకో, చల్లారిపోతాయి," అంది.  నేను ఆ నీళ్లు పోసుకుంటూ ఏడ్చాను, నాయనమ్మ పోయినప్పటి నుంచి అప్పుడే ఏడ్చాను. తర్వాత మా మంచికేనని ప్రతి స్నానాలగదిలో గీజర్ పెట్టారు. మంచిదే. ఎవరైనా కాదంటారా. మీట నొక్కితే నీళ్లు, వరుస లేదు, కొట్లాట లేదు, తారాబాయి రాడ్డు బీరువాలో మూలపడింది. ఝాన్సీ పక్క మంచం మీదే ఉంటుంది, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చదువుకుంటుంది, ఏదైనా అడిగితే ఒక చెవిలోది తీసి "ఆఁ?" అంటుంది. ఆ ఒక చెవి కోసం ఎన్ని అక్కర్లేని ప్రశ్నలు అడుగుతానో. రేపు మెస్సులో ఏం కూర? ఏం కూరైతే నాకేమిటి.

మొదటిసారి తలుపు తీసినప్పుడు నిజంగా తెలియదు. మార్చిలో ఏసీలు మొదలుపెట్టిన రోజు. ఆకాశం రంగు చూశాను, లేచాను, గడియ తీసి తలుపు బార్లా తెరిచి, నా పుస్తకం పట్టుకుని కూర్చున్నాను, అంతే, దీపాల వేళకు తీస్తాం కదా అని, ఆలోచించి చేసిన పని కాదు. టిక్కుమంది. గుర్రు ఆగిపోయింది. అప్పుడు వరండాలో ఒక్కొక్క తలుపే తెరుచుకుంది. ఉక్క భరించలేక అందరూ బయటికి వచ్చారు, జుట్లు విరబోసుకుని, దుప్పట్లు భుజాన వేసుకుని, చేతుల్లో పుస్తకాలు విసనకర్రలు చేసుకుని. అన్ని గదుల వెలుతురు వరండాలో పడింది. "ఎవలే తీసింది?" అని తారాబాయి అరిచింది. నన్ను చూసి, "నీకు దిమాక్ ఉందా మనీషా? పెద్ద పటేలు గడీ అనుకున్నవా, తలుపులు బార్లా తెరిచి కూసున్నవ్?" అంది. నేను సారీ చెప్పాను. మేడమ్ తాళాలతో వచ్చేదాకా అందరూ అక్కడే ఉన్నారు, నన్ను తిట్టడం అయ్యాక ఎండను తిట్టారు, తర్వాత లెక్చరర్లను, తర్వాత తారాబాయి వాళ్ల తండాలో పెళ్లి గురించి చెప్పింది, ఎవరో బఠానీలు తెచ్చారు. మేడమ్ మీట పైకెత్తగానే అందరూ లోపలికి పోయారు, తలుపులు టకటకమని మూసుకున్నాయి. ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను. చాలా రోజులకు.

రెండోసారి తీసినప్పుడు అలవాటు అన్నాను. మూడోసారి నాయనమ్మ చెప్పింది అన్నాను, ఆ తర్వాత రోజూ అదే మాట. చనిపోయిన మనిషి పేరు చెప్పేసరికి అందరూ మూతులు ముడుచుకున్నారు. ఝాన్సీ నన్ను అదోలా చూసింది, "మీ నాయనమ్మ గారు ఎన్ని నిమిషాలు తీసి ఉంచమన్నారు?" అంది, వెటకారం కాదు, నిజంగానే అడిగింది, లెక్క తేలితే ఏదో ఏర్పాటు చేద్దామని. నాకు జవాబు దొరకలేదు. ఇప్పుడు ఈ మూసిన తలుపు ముందు నిలబడి ఉంటే దొరుకుతోంది. డబ్బా టిక్కుమనేదాకా, ఝాన్సీ. అంతసేపు. లక్ష్మి కోసం అయితే కాసేపు తీసి, డబ్బాకు తెలియకముందే మూసెయ్యొచ్చు, లక్ష్మికి ఆ మాత్రం సందు చాలు. నాకు కావలసింది ఆ టిక్కు. మీరందరూ ఉక్కపోసి బయటికి రావడం కావాలి. తిట్టడానికైనా సరే. ఇది నాయనమ్మ ఆచారం కాదు, నా ఆకలి. ఆమె దీపం పెట్టి మనుషులను పిలిచేది, నేను గాలి ఆపి పిలుస్తున్నాను. ఛీ. ఇంత మాట నాకు నేను చెప్పుకోవడానికి ఇవాళ్టిదాకా పట్టింది, అదీ ఆ ఒక్క పిల్ల ఎదురుగా లేకపోబట్టి. పరీక్షలు పెట్టుకుని చెమటల్లో నిలబెట్టాను అందరినీ, తారాబాయికి చెమటకాయలు కూడా లేచాయి. ఒంటరిదాన్ని అని చెప్పుకోవడానికి సిగ్గుపడి ఆచారం అని చెప్పాను. చెబితే మాత్రం ఏమనేవాళ్లు, "అయ్యో" అని, తలుపు మూసుకునేవాళ్లు.

చీకటి పడుతోంది. ఇంకో విమానం. ఈ క్షణమే, సరిగ్గా ఈ క్షణమే, నా చెయ్యి గడియ మీద ఉంది, ఎప్పుడు పెట్టానో తెలియదు. ఇనుము చల్లగా ఉంది. తీస్తే అందరూ వస్తారు, ఒక్క గంట, కానీ ఝాన్సీ పోతుంది. తియ్యకపోతే ఎవరూ రారు, కానీ ఝాన్సీ ఉంటుంది, ఒక చెవి ఉంటుంది. ఒక చెవికి ఇంత విలువా అంటే, అవును, ఆ చెవి ఉన్న పిల్లే నాకు నీళ్లు మోసింది. వరండా మొత్తం నన్ను తిట్టిన మనుషులు ఉన్నారు, కర్మలకు పోయి వచ్చిన పొద్దున నా గురించి ఆలోచించిన మనిషి ఒక్కతే. తల తలుపుకు ఆనించాను. రంగు కింద చెక్క కూడా కాదు ఇది, ఏదో పొట్టు అతికించి చేసింది, తడితే డొల్లగా మోగుతుంది. నాయనమ్మా, ఇవాళ తియ్యట్లేదు. ఏమనుకోకు. లక్ష్మి వస్తే ఎదురుగదికి పంపు, వాళ్లూ తియ్యరులే. గడియ వదిలేశాను. వదిలేసి గోడ దగ్గరికిపోయి లైటు వేశాను, కిటికీ అద్దంలో బయటి ఆకాశం పోయి నా మొహం వచ్చింది. దీపాల వేళ అయిపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఆ వేళ నేను గదిలో ఉండి మూసిన తలుపు వెనక ఉండటం ఇదే మొదటిసారి. ఏమీ కాలేదు. ఏసీ గుర్రుమంటూనే ఉంది. 

మంచం మీద కూర్చుని ఝాన్సీ దుప్పటి మడత పెట్టాను, వస్తే బాగుంటుందని. విప్పేశాను, కావాలని మడత పెట్టినట్టు తెలిసిపోతుందని. మళ్లీ మడత పెట్టాను. వచ్చాక ఏం మాట్లాడాలో అనుకున్నాను, రేపు మెస్సులో ఏం కూర అని మాత్రం అడగకూడదు. అప్పుడు గుర్రు ఆగిపోయింది.

ముందు నాకేమీ అర్థం కాలేదు. తలుపు చూశాను. మూసే ఉంది. గడియ పెట్టే ఉంది. దగ్గరికిపోయి చేత్తో తడిమి చూశాను, నిద్రలో తీసి మళ్లీ వేశానేమో అన్నట్టు. కరెంటు పోయిందా అంటే లైటు వెలుగుతోంది. గదిలో నిశ్శబ్దం, ఆ నిశ్శబ్దంలోంచి బయట గడియలు తీస్తున్న చప్పుడు, ఒకటి, ఇంకొకటి, చెప్పుల చప్పుడు, విసుగు. భయం వేసింది. ఝాన్సీ నేనే తీశాననుకుంటుంది. ఒట్టు వేసి మరీ తీశాననుకుంటుంది, ఇప్పుడే మేడమ్ దగ్గరికిపోయి మా గది తాళంచెవి ఇచ్చేస్తుంది, నేను కాదు అంటే ఎవరు నమ్ముతారు, ఇన్నిసార్లు తీసినదాన్ని. తలుపు మీద దబదబా బాదుతున్నారు.

"తియ్యే మనీషా! సిగ్గు లేదా నీకు?" తారాబాయి.

తీశాను. వరండా నిండా అందరూ ఉన్నారు, జుట్లు విరబోసుకుని, పుస్తకాలు విసురుకుంటూ. "నేను కాదే తారా," అన్నాను, నా గొంతు నాకే దొంగ గొంతులా వినిపించింది. "నా తలుపు గడియ పెట్టే ఉండె. నువ్వే కదా బాదినవ్ ఇప్పుడు."

తారాబాయి తలుపుకేసి చూసి, నాకేసి చూసింది. "మరెవలే?" అంది.

అందరి తలలూ అటు తిరిగాయి. వరండా చివర మూల గది తలుపు బార్లా తెరిచి ఉంది. లోపలి వెలుతురు నేలమీద పొడుగ్గా పడింది. గడప మీద ఝాన్సీ కూర్చుని ఉంది, ఒళ్లో పుస్తకం, పుస్తకం మీద రెండు తాళంచెవులు, చెవుల్లో ఏమీ లేవు. నేను అందరి మధ్యనుంచి తోసుకుంటూ పోయాను. దగ్గరికిపోతే ఆమె ముక్కు ఎర్రగా ఉంది.

"నేనే తీశాను," అంది. అందరికీ కాదు, నాకు. "నువ్వు తీస్తావనుకున్నాను. రోజూ తీసే టైమే కదా. పుస్తకం మూసి, ఏసీ ఎప్పుడు ఆగుతుందా అని చూస్తూ కూర్చున్నాను. తియ్యలేదు."

"తియ్యనని ఒట్టేసిన కదనే."

"వేశావులే." ముక్కు తుడుచుకుంది. "పొద్దుటినుంచి ఒక్క మాట వినపడలేదు మనీషా ఇక్కడ. రేపు ఏం కూర అని అడిగేవాళ్లు కూడా లేరు."

"ఇగ ఇద్దరైండ్రా! మా పరీక్షలు బంగారమే ఇగ," అని తారాబాయి నెత్తి కొట్టుకుంది. ఎవరో నవ్వారు. తిట్లు మొదలయ్యాయి, ఈసారి ఇద్దరికీ సమంగా పంచారు. మెట్ల మీద తాళాల గుత్తి చప్పుడైంది, ప్రేమలత మేడమ్ ఆయాసపడుతూ పైకి వచ్చి, అలవాటుగా నన్ను చూసి, "మళ్ల నువ్వేనా?" అంది. ఝాన్సీ కూర్చున్నచోటునుంచే చెయ్యి చాచి మూల గది తాళంచెవి ఆమె చేతిలో పెట్టింది. "నేనేనండీ. ఈ గది నాకు వద్దండీ," అంది. మేడమ్ తాళంచెవి చూసి, మా మొహాలు చూసి, "ఈ రాత్రికి ఎవలకు ఏసీ లేదు, పోండ్రి. అప్పుడుగాని బుద్ధిరాదు మీకు," అని గుత్తి ఊపుకుంటూ దిగిపోయింది. అయ్యో మేడమ్ అని అందరూ ఒక్క గొంతుతో అరిచారు, అరిచి, లోపల ఉక్క కాబట్టి ఎక్కడివాళ్లు అక్కడే గోడలకు ఆనుకుని కూలబడ్డారు.

ఝాన్సీ ఇంకా అక్కడే కూర్చుని నన్ను చూస్తోంది. నాకు తోచినవన్నీ పెద్ద పెద్ద మాటలు, నా నోటికి రావు.

"దీపాలు పెట్టే యాళ్ల గడప మీద కూసోవద్దు," అన్నాను. "లే."

"మరెక్కడ కూర్చోను?"

"లోపలన్న కూసో. లేకుంటే బయటన్న కూసో."

ఝాన్సీ ఓసారి లోపలికి చూసింది. తర్వాత లేచి బయటికి వచ్చి, గోడకు ఆనుకుని కూర్చుని, పక్కకు కొంచెం జరిగింది.